ప్రమాదం తర్వాత మొదటి మాట

మోటారు వాహనాల చరిత్రలో ఇద్దరు స్త్రీల పేర్లు వాళ్లు చనిపోయినందువల్ల మాత్రమే నమోదయ్యాయి. ఒకరు బ్రిడ్జెట్ డ్రిస్కాల్. 1896 ఆగస్టు 17న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో కారు గుద్ది చనిపోయింది. బ్రిటన్‌లో పెట్రోలు కారు గుద్ది చనిపోయిన మొదటి పాదచారి ఆమేనని చెబుతారు. రెండో ఆమె ఎలేన్ హెర్జ్‌బర్గ్. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, టెంపీ నగరంలో, ఉబర్ సంస్థ పరీక్షిస్తున్న స్వయంచాలిత కారు గుద్ది చనిపోయింది. మనిషి నడపని కారు గుద్ది చనిపోయిన మొదటి పాదచారిగా ఆమె పేరు రికార్డయింది. ఇద్దరికీ మధ్య దాదాపు 122 ఏళ్ల దూరం. ఇద్దరూ నడుస్తున్నవాళ్లే. ఇద్దరి గురించీ మనకు తెలిసింది చాలా తక్కువ, తెలిసినంతా మరణం చుట్టూ పోగైందే.

స్త్రీల చరిత్రను తవ్వి తీసే పనిలో ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు. మామూలు స్త్రీ ఒకతె ప్రభుత్వ కాగితాల్లోకి ఎక్కేది నేరంలోనో, చావులోనో, ఆస్తి తగాదాలోనో. ఆ కాగితాల్లోంచి ఆమె జీవితాన్ని వెనక్కి చదవడానికి మనం నానా తంటాలూ పడతాం. కానీ నేనిక్కడ మాట్లాడదలచుకున్నది మరో సంగతి. ఒక ప్రాణాంతక ప్రమాదం జరిగాక మొదటి మాట ఎవరు చెబుతారు? పోలీసులు ఎవరిని వేలెత్తి చూపుతారు? పత్రికలు ఆ వేలు వెంట ఎంత దూరం పోతాయి? ఏడాదికో రెండేళ్లకో పూర్తి విచారణ నివేదిక వచ్చేసరికి ఆ మొదటి మాట ఎంత గట్టిగా బిగుసుకుపోయి ఉంటుంది? తీర్పును ఆపుకోవడం అనే మంచి గుణం గురించి మనం ఉపన్యాసాలు వింటూనే ఉంటాం. అయితే ఆ గుణం ఎవరి పట్ల చూపిస్తారు, ఎవరి పట్ల చూపించరు అన్నది చరిత్రలో అడగాల్సిన ప్రశ్న.

ముందు డ్రిస్కాల్ దగ్గరికి వెళదాం. ఆమెకు అప్పుడు నలభై నాలుగేళ్లు. కూతురితో, మరో స్నేహితురాలితో కలిసి ఒక ఉత్సవం చూడ్డానికి వచ్చింది. అక్కడ ఒక కంపెనీ తన కొత్త మోటారు బండ్లను జనానికి చూపిస్తూ, ఎక్కించుకుని తిప్పుతోంది. వాటిలో ఒకటి ఆమెను గుద్దింది. ఆ తర్వాత కరోనర్ ఆధ్వర్యంలో జ్యూరీ కూర్చుని విచారణ జరిపింది. బండి గంటకు నాలుగు మైళ్ల వేగంతోనే పోతోందని డ్రైవరు చెప్పాడు. మంచి గుర్రం దౌడు తీసినంత వేగంగా వచ్చిందని, ఇళ్లల్లో పని చేసుకునే ఒక స్త్రీ సాక్ష్యం చెప్పింది. డ్రైవరు ఆ బండి నడపడం మొదలుపెట్టి వారాలే అయింది. సుమారు ఆరు గంటల విచారణ తర్వాత జ్యూరీ 'ప్రమాదవశాత్తూ సంభవించిన మరణం' అని తేల్చింది. ఇలాంటిది మళ్లీ జరగకూడదని కరోనర్ ఆశపడ్డాడు. ఎవరి మీదా కేసు పెట్టలేదు. మోటారు బండ్ల వేగ పరిమితిని పెంచిన కొత్త చట్టం అదే ఏడాది నవంబరు 14న అమల్లోకి వచ్చింది.

పైకి చూస్తే ఇది తొందరపడని న్యాయం. ఎవరినీ పట్టుకుపోలేదు, ఎవరినీ ఊరేగించలేదు, సాక్షుల్ని పిలిచి విన్నారు. కానీ ఆ జ్యూరీ అడిగిన ప్రశ్నల పరిధి ఎంత? బండి ఎంత వేగంతో వచ్చింది, ఆమె ఎందుకు పక్కకు తప్పుకోలేదు, డ్రైవరు గంట మోగించాడా లేదా. జనం నడిచే ఆవరణలో బండ్లు తిప్పాలని నిర్ణయించింది ఎవరు, వారాల అనుభవం మాత్రమే ఉన్న మనిషి చేతికి బండి ఇచ్చింది ఎవరు అన్న ప్రశ్నలు ఆ తీర్పులో కనిపించవు. ప్రమాదవశాత్తూ అన్న మాటతో మనుషులతో పాటు కారణాలు కూడా విడుదలైపోయాయి. కాబట్టి ఆగడం ఒక్కటే చాలదని ముందే ఒప్పుకుందాం. ఆగిన ఆ వ్యవధిలో ఏం అడుగుతున్నామన్నదే ముఖ్యం.

ఇప్పుడు టెంపీకి వద్దాం. మన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది చదువుకోవడానికి వెళ్లే ఊరు అది, అరిజోనా స్టేట్ యూనివర్సిటీ అక్కడే ఉంది. 2018 మార్చి 18 ఆదివారం రాత్రి పది గంటల వేళ మిల్ అవెన్యూ అనే విశాలమైన రోడ్డును ఎలేన్ హెర్జ్‌బర్గ్ దాటుతోంది. వయసు 49. సైకిలును చేత్తో నడిపించుకుంటూ పోతోంది, దానికి సంచులు వేలాడుతున్నాయి. ఆమె దాటుతున్నచోట పాదచారుల గీతలు లేవు. అవి కొంచెం దూరంలో, సుమారు 110 మీటర్ల అవతల ఉన్నాయి. అయితే ఆ రోడ్డు మధ్యనున్న విభాగినిలో ఇటుకలు పరిచి, అచ్చం నడకదారిలా కనిపించే అడ్డదారులు వేసి ఉన్నాయి. వాటి అంచున 'ఇక్కడ దాటకండి' అని బోర్డులు పెట్టారు. దారి వేసినవాళ్లే దారి కాదని రాసిపెట్టారన్నమాట.

కారు స్వయంచాలిత పద్ధతిలో గంటకు 39 మైళ్ల వేగంతో, అంటే సుమారు 63 కిలోమీటర్ల వేగంతో పోతోంది. స్టీరింగు వెనక ఒక స్త్రీ కూర్చుని ఉంది. ఆమెది నడిపే ఉద్యోగం కాదు, యంత్రం నడుపుతుంటే కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం. ఆమె పేరు పత్రికలన్నిటిలోనూ వచ్చింది. వెతికితే ఇప్పుడూ దొరుకుతుంది. అయినా ఈ వ్యాసంలో ఆమెను ఆపరేటర్ అనే అంటాను. ఆ పేరును మరోసారి తిప్పడం వల్ల మనకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

మొదటి మూడు రోజుల్లో ఏం జరిగింది? ప్రమాదం జరిగిన మర్నాడే నగర పోలీసు అధిపతి సిల్వియా మోయిర్ శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రికతో మాట్లాడారు. ఆమె చీకట్లోంచి నేరుగా రోడ్డు మీదికి వచ్చింది, మనిషి నడిపినా యంత్రం నడిపినా తప్పించడం కష్టమయ్యేది, ప్రాథమికంగా చూస్తే ఉబర్ తప్పు ఉండకపోవచ్చు అన్నది ఆ మాటల సారాంశం. దర్యాప్తు మొదలై అప్పటికి ఒక్కరోజే అయింది. మార్చి 21న పోలీసులు కారు కెమెరా వీడియో విడుదల చేశారు. అందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది బయటి రోడ్డు: గాఢమైన చీకటి, దాంట్లోంచి హఠాత్తుగా ఒక మనిషి, సైకిలు. రెండోది కారు లోపల: కిందికి చూస్తున్న ఆపరేటర్ ముఖం, చివరి క్షణంలో దాని మీద పరుచుకున్న భయం. గుద్దే ముందు వీడియో ఆగిపోతుంది.

సాహిత్య విద్యార్థినిగా నాకు ఆ వీడియో ఒక కథనంలా కనిపిస్తుంది. కథనం అంటే అబద్ధం అని కాదు. ఏది చూపాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్న ఎంపిక. ఆ కొద్ది క్షణాల్లో పాత్రలు ఇద్దరే, ఇద్దరూ స్త్రీలే. ఒకతె చీకట్లోంచి ఊడిపడింది, ఇంకొకతె చూడాల్సినచోట చూడలేదు. కారుకున్న లేజరు, రాడారు కళ్లు ఆ రాత్రి ఏం చూశాయో వీడియోలో ఉండదు. బ్రేకు ఎందుకు పడలేదో ఉండదు. కంపెనీ గది ఉండదు, రాష్ట్ర గవర్నర్ కార్యాలయం ఉండదు. ఆ వీడియో చూశాక టెంపీవాసులు కొందరు అదే రోడ్డును రాత్రిపూట తమ ఫోన్లతో తీసి చూపించారు. వీధి దీపాల కింద ఆ రోడ్డు పోలీసు వీడియోలో కంటే చాలా వెలుతురుగా ఉంది. కెమెరా చూపిన చీకటి, మనిషి కంటికి కనిపించే చీకటి ఒకటి కాదు. అయినా 'చీకట్లోంచి వచ్చింది' అన్న మాట అప్పటికే ప్రపంచమంతా తిరిగొచ్చింది.

పత్రికలు ఆ ఇద్దరు స్త్రీల గతాన్ని తవ్వాయి. చనిపోయిన ఆమె ఇల్లు లేని మనిషి అన్నది శీర్షికల్లోకెక్కింది. ఆపరేటర్ ట్రాన్స్ మహిళ అన్న సంగతి, ఆమె వదిలేసుకున్న పాత పేరు, ఎప్పుడో అనుభవించిన జైలు శిక్ష బయటికొచ్చాయి. వీటిలో ఏ ఒక్కటీ బ్రేకు ఎందుకు పడలేదో చెప్పదు. కానీ చదివేవాళ్లకు ఒక తృప్తినిస్తుంది. 'అలాంటి మనిషి' కాబట్టి అలా జరిగింది అన్న తృప్తి. ఏ అఘాయిత్యం జరిగినా ఆడదాని నడవడిని వెతికే అలవాటును మనం దశాబ్దాలుగా ఎత్తిచూపుతున్నాం. రోడ్డు ప్రమాదం దగ్గర కూడా అదే అలవాటు, అదే వేగంతో పని చేసింది. అదే మూడు రోజుల్లో కంపెనీ గతాన్ని ఎవరూ అంత ఉత్సాహంగా తవ్వలేదు.

అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు తుది నిర్ణయం 2019 నవంబరులో వచ్చింది. అంటే ఇరవై నెలల తర్వాత. ఆ నివేదిక చదువుతుంటే మొదటి మాటకూ చివరి మాటకూ మధ్య ఎంత దూరముందో తెలుస్తుంది. కారు ఆమెను గుద్దడానికి 5.6 సెకన్ల ముందే పసిగట్టింది. మనిషి కన్ను తప్పించుకునే చీకటి లేజరుకు అడ్డం కాదు. అయితే తాను చూసింది ఏమిటో ఆ యంత్రం తేల్చుకోలేకపోయింది. ఒకసారి వాహనమనుకుంది, ఒకసారి ఏదో వస్తువనుకుంది, ఒకసారి సైకిలనుకుంది. అనుకున్నది మారిన ప్రతిసారీ అంతకుముందు ఆమె ఎటు కదిలిందో మర్చిపోయి మళ్లీ మొదలుపెట్టింది. పాదచారుల గీతలు లేనిచోట మనిషి రోడ్డు దాటుతుందన్న ఊహే దానికి పెట్టలేదు. ప్రమాదం తప్పదని గుర్తించాక కూడా, అనవసరంగా బ్రేకులు పడకుండా ఉండటానికని ఒక సెకను ఆగేలా తయారు చేశారు. ఆ కారును తయారు చేసిన వోల్వో కంపెనీ సొంతంగా అమర్చిన అత్యవసర బ్రేకును, స్వయంచాలిత పద్ధతిలో ఉన్నప్పుడు పని చేయకుండా ఆపేశారు. అంతకుముందు కారులో ఇద్దరు ఆపరేటర్లు ఉండేవాళ్లు. ప్రమాదానికి కొన్ని నెలల ముందు, 2017లో, దాన్ని ఒక్కరికి కుదించారు. రాత్రివేళ గంటల తరబడి ఒంటరిగా, ఏమీ చేయకుండా, ఏదైనా జరిగితే మాత్రం సెకనులో స్పందించాలి. ఇదీ ఆ ఉద్యోగం.

ఇక్కడే ఇబ్బందికరమైన విషయం కూడా చెప్పాలి. అదే నివేదిక ప్రమాదానికి ప్రధాన కారణంగా ఆపరేటర్ రోడ్డును గమనించకపోవడాన్నే పేర్కొంది. ప్రయాణంలో ఆమె చూపు పదేపదే తన ఫోన్ మీదికి పోయిందని తేల్చింది. ఆ సమయంలో ఆమె ఫోన్‌లో ఒక టీవీ పాటల పోటీ నడుస్తోందని పోలీసులు 2018 జూన్‌లోనే చెప్పారు. తాను దాన్ని వింటున్నానే తప్ప చూడటం లేదని, కంపెనీ ఇచ్చిన ఫోన్‌లో ఉద్యోగానికి సంబంధించిన సందేశాలు చూసుకుంటున్నానని ఆమె వాదన. హెర్జ్‌బర్గ్ రక్తంలో మాదకద్రవ్యం ఆనవాళ్లున్నాయని, గీతలు లేనిచోట దాటిందని కూడా నివేదికలో ఉంది. వీటితో పాటే ఉబర్ విభాగంలో ప్రమాదాలను ముందే అంచనా వేసే పద్ధతి సరిగా లేకపోవడం, ఆపరేటర్ల మీద పర్యవేక్షణ లోపం, యంత్రానికి అలవాటు పడి మనిషి ఏమరుపాటు చెందుతుందన్న విషయానికి తగిన జాగ్రత్త తీసుకోకపోవడం, అరిజోనా రవాణా శాఖ చూపిన ఉదాసీనత కూడా కారణాలుగా రాశారు.

కాబట్టి తీర్పు ఆపుకోవడమంటే నిందపడ్డ మనిషిని వెంటనే నిర్దోషి చేసేయడం కాదు. అది కూడా తొందరపాటు తీర్పే. ఆమె స్త్రీ కాబట్టి, ట్రాన్స్ మహిళ కాబట్టి, తక్కువ జీతపు ఉద్యోగి కాబట్టి ఆమె చేతుల్లో తప్పు లేదని నేను అనను. ఆ రాత్రి ఆమె రోడ్డు వైపు చూసి ఉంటే హెర్జ్‌బర్గ్ బతికి ఉండేదేమో. కానీ కారణాల వరుసలో ఆమె ఒక కొస. మొదటి మూడు రోజుల్లో మనకు చూపించింది ఆ కొసనొక్కదాన్నే.

కోర్టుల్లో ఏమైందో కూడా చూద్దాం. హెర్జ్‌బర్గ్ కుటుంబంతో కంపెనీ రెండు వారాలు తిరక్కుండానే రాజీ కుదుర్చుకుంది. 2019 మార్చిలో యావపై కౌంటీ అటార్నీ షీలా పోక్, కంపెనీ మీద నేరం మోపడానికి ఆధారం లేదని రాశారు. 2020లో ఆపరేటర్ మీద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన అభియోగం నమోదైంది. 2023 జులైలో ఆమె అంతకంటే తక్కువదైన, ఇతరుల ప్రాణాలకు అపాయం కలిగించిన నేరాన్ని ఒప్పుకుంది. మూడేళ్ల పర్యవేక్షణ శిక్ష పడింది. అయిదేళ్ల పైచిలుకు కాలం ఆ కేసు నీడలో బతికింది. ఆ వరుసలో ఇంకెవరూ క్రిమినల్ కోర్టు గుమ్మం ఎక్కలేదు.

మెడలిన్ క్లేర్ ఎలిష్ అనే మానవశాస్త్రవేత్త దీనికి ఒక మంచి పోలిక ఇచ్చారు. కారు ముందు భాగంలో గుద్దుకున్నప్పుడు తాను నలిగిపోయి లోపలి మనిషిని కాపాడే చోటు ఒకటుంటుంది. సంక్లిష్టమైన యంత్ర వ్యవస్థల్లో ఆ లెక్క తిరగబడుతుందంటారామె. వ్యవస్థ మొత్తం చేసిన తప్పు భారాన్ని యంత్రానికి అందరికంటే దగ్గరగా ఉన్న మనిషి మోసి నలిగిపోతుంది, వ్యవస్థ పేరు చెక్కుచెదరదు. త్రీ మైల్ ఐలాండ్ అణు ప్రమాదం (1979), ఎయిర్ ఫ్రాన్స్ 447 విమాన ప్రమాదం (2009) ఆమె తీసుకున్న ఉదాహరణలు. మన ఇళ్లల్లో ఈ సంగతి తెలియనిదేమీ కాదు. పెళ్లి వంటలో ఏం తేడా వచ్చినా గరిట పట్టుకున్న మనిషినే అంటారు. ఉప్పు ఎవరు తెచ్చారు, ఎంతమందికని చెప్పారు, ఎన్ని గంటలు నిలబెట్టారు అని ఎవరడుగుతారు?

ఇక్కడ మనం దాటేయకూడని ఇంకో విషయం ఉంది. కంపెనీ తప్పు ఉండకపోవచ్చన్న పోలీసు అధిపతి స్త్రీ. కంపెనీ మీద నేరం లేదన్న అటార్నీ స్త్రీ. మనిషి మారితే కుర్చీ భాష మారుతుందన్న ఆశ మనలో చాలామందికి ఉండేది. నాకూ ఇంకా కొంచెం ఉంది. కానీ కుర్చీలకు ఒక అలవాటుంది. పెద్ద సంస్థ విషయం వచ్చేసరికి 'దర్యాప్తు జరుగుతోంది, ఇప్పుడే ఏం చెప్పలేం' అంటాయి. చివర్న ఉన్న మనిషి దగ్గరికొచ్చేసరికి 'ప్రాథమికంగా తేలింది' అంటాయి. ఆగే ఓపిక ఒకరికి, ప్రాథమిక నిర్ధారణ ఇంకొకరికి.

మన దేశంలో ఇటీవలి ఉదాహరణ ఒకటి చెబుతాను. 2024 జూన్ 17 ఉదయం పశ్చిమ బెంగాల్‌లో రంగపాని స్టేషన్ దాటాక కాంచనజంగ ఎక్స్‌ప్రెస్‌ను వెనకనుంచి గూడ్సు బండి గుద్దింది. పదిమంది చనిపోయారు, వాళ్లలో గూడ్సు లోకో పైలట్ ఒకరు. అదే రోజు రైల్వే బోర్డు అధ్యక్షురాలు జయవర్మ సిన్హా, ఆ పదవిలోకొచ్చిన మొదటి మహిళ, లోకో పైలట్ సిగ్నల్‌ను పట్టించుకోలేదని ప్రాథమికంగా తెలుస్తోందన్నారు. చనిపోయిన పైలట్ మీద, గాయపడి ఆసుపత్రిలో ఉన్న అసిస్టెంట్ మీద ఎఫ్ఐఆర్ నమోదైంది. ఫిర్యాదు ఇచ్చింది ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణించిన ఒక మహిళ అని అందులో ఉంది. తాను ఎవరి మీదా ఫిర్యాదు ఇవ్వలేదని ఆ మహిళ పత్రికలకు చెప్పింది. ఒక గాయపడ్డ స్త్రీ పేరు, ఒక చనిపోయిన కార్మికుడి మీద నేరారోపణకు ఆధారమైంది. ఆమె మాట ఏమిటో ఆమెనే అడగాల్సి వచ్చింది.

నెల తిరిగేలోగా రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక వచ్చింది. ఆ ఉదయం 5.50 నుంచి ఆటోమేటిక్ సిగ్నళ్లు పని చేయలేదు. ఎర్ర సిగ్నళ్లు దాటి పోవచ్చని పైలట్లకు స్టేషన్‌లో కాగితం ఇచ్చారు. ఎంత వేగంతో పోవాలో ఆ కాగితంలో లేదు. ఆ ఉదయం ఆ సెక్షన్లోకి వెళ్లిన బండ్లలో కాంచనజంగ ఒక్కటే నిబంధన ప్రకారం నెమ్మదిగా, ఆగి ఆగి వెళ్లింది. మిగతా ఆరు బండ్లూ ఆ నిబంధన పాటించలేదు. ఆరుగురు పైలట్లూ ఒకే విధంగా అర్థం చేసుకున్నారంటే లోపం ఒక మనిషి బుద్ధిలో ఉందా, ఆ కాగితంలో, ఇచ్చిన శిక్షణలో ఉందా? ఇది జరగడానికి సిద్ధంగా ఉన్న ప్రమాదమని కమిషనర్ అన్నారు. మొదటి రోజు వార్త మొదటి పేజీలో వచ్చింది. ఈ మాట ఎంతమంది చదివారు?

మన తెలుగు నేల మీద ఇంకా పాత గాయం ఉంది. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజరు గుద్దింది. పసిపిల్లలు చనిపోయారు, డ్రైవరూ చనిపోయాడు. ఆ రోజే వినిపించిన మాట: డ్రైవర్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. నాలుగేళ్ల తర్వాత 2018 ఏప్రిల్ 26న ఉత్తరప్రదేశ్ కుశీనగర్‌లో, మళ్లీ కాపలా లేని గేటు దగ్గర, స్కూలు వ్యాన్‌ను రైలు గుద్ది 13 మంది పిల్లలు చనిపోయారు. ఆ రోజు వినిపించిన మాట: డ్రైవర్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. రెండు చోట్లా ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఈ రెంటికీ ఉమ్మడిగా ఉన్నది ఫోన్ ఒక్కటేనా? బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్లన్నిటినీ తొలగించడం 2019 జనవరి నాటికి పూర్తయింది. దేశంలోని డ్రైవర్లందరూ ఫోన్లు మానేయడం వల్ల ఆ తరహా చావులు ఆగలేదు. గేటు దగ్గర మనిషిని పెట్టడం వల్ల, కింద వంతెన కట్టడం వల్ల ఆగాయి. మందు ఏదో తెలిశాక రోగం ఏదో కూడా తెలుస్తుంది కదా.

నేను పాఠం చెప్పే తరగతిలో అప్పుడప్పుడూ ప్రమాద వార్తల కత్తిరింపులు ఇచ్చి, వాక్యాల్లో క్రియలు గుర్తించమంటాను. వ్యాకరణం పాఠం అంటే ముఖం చిట్లించే పిల్లలు కూడా ఇందులో హుషారుగా పాల్గొంటారు. 'కారు ఢీకొని మహిళ మృతి' అన్న శీర్షికలో 'ఢీకొని' అసమాపక క్రియ, 'మృతి' నామవాచకం. వాక్యం ముగియదు, చేసినవాళ్లు తేలరు. ఖరీదైన బండి అయితే 'అదుపు తప్పిన కారు' అవుతుంది, దానంతటదే అదుపు తప్పినట్టు. లారీయో స్కూలు బస్సో అయితే 'డ్రైవర్ నిర్లక్ష్యం ప్రాణాలు తీసింది' అని కర్త, కర్మ, క్రియ అన్నీ పొందికగా సమకూరతాయి. ఒక అమ్మాయి నడిపితే 'యువతి వీరంగం' అవుతుంది, క్రియ కంటే ముందు లింగం వచ్చి కూర్చుంటుంది. మన భాషలో సమాపక క్రియ కూడా వర్గాన్ని బట్టే దొరుకుతుందన్నమాట. పోలీసు కాగితాల భాషా ఇంతే. భారత శిక్షాస్మృతిలోకి 304-ఎ సెక్షన్ 1870లో వచ్చింది. 2024 జులై నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ఉంది. శిక్ష పెరిగింది, 'దుడుకుతనం, నిర్లక్ష్యం' అన్న మాటలు అలాగే ఉన్నాయి. వాటిలో ఒక మనిషి చెయ్యి మాత్రమే పడుతుంది. గేటు పెట్టకపోవడం, వేగం రాయకపోవడం, రెండో ఆపరేటర్‌ను తీసేయడం ఆ మాటల్లోకి ఒదగడం చాలా కష్టం.

మిత్రులు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. చెప్పాలి కూడా. 'ఆగండి, తొందరపడకండి, నిజానిజాలు తేలనివ్వండి' అన్న మాటతోనే కదా ఇన్నేళ్లూ స్త్రీల ఫిర్యాదులను తొక్కిపెట్టింది? డబ్బున్న కొడుకు కారు కింద పేదవాళ్లు నలిగిపోయినప్పుడు పత్రికలు గొంతెత్తకపోతే ఆ కేసు బతుకుతుందా? ఇది బలమైన అభ్యంతరం. 2024 మే 19న పుణేలో పోర్షే కారు గుద్ది ఇద్దరు యువ ఇంజనీర్లు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, చనిపోయారు. నడిపింది పదిహేడేళ్ల కుర్రాడన్నది కేసు. కొన్ని గంటల్లోనే అతనికి బెయిలు వచ్చింది. రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం రాయమన్నది షరతుల్లో ఒకటి. జనం, పత్రికలు గగ్గోలు పెట్టాకే మిగతా సంగతులు బయటికొచ్చాయి. రక్తం నమూనా మార్చారన్న ఆరోపణ మీద వైద్యులు అరెస్టయ్యారు. తప్పు తన మీద వేసుకోమని ఇంటి డ్రైవర్‌ను నిర్బంధించి ఒత్తిడి చేశారన్న ఆరోపణ మీద కుటుంబ సభ్యులు అరెస్టయ్యారు. ఆ ఆరోపణల్లో నిజమెంతో తేల్చడం కోర్టుల పని. కానీ ఆ కథలో కూడా, ఆరోపణే నిజమైతే, నలిగిపోవడానికి వెతికిన మనిషి ఎవరో చూడండి. జీతానికి బండి నడిపే డ్రైవర్.

అందుకే నేను రెండు విషయాల్ని వేరు చేసి చూస్తాను. ఫిర్యాదు తీసుకోవడం, రక్త పరీక్ష చేయడం, బండిని, ఫోన్‌ను, సీసీ కెమెరా దృశ్యాలను భద్రపరచడం, సాక్షుల్ని వినడం, ఇవి ఒక్క గంట కూడా ఆగకూడదు. వీటి దగ్గర ఆగమనేవాళ్లు సాక్ష్యం చెరిపేయడానికి వ్యవధి అడుగుతున్నారని అనుమానించాలి. ఆగాల్సింది వేరే: అరెస్టును తీర్పుగా చదవడం, మనిషి ముఖానికి నల్లగుడ్డ కప్పి కెమెరాల ముందు నిలబెట్టడం, ఎంచుకున్న ముక్కను వీడియోగా వదలడం, చనిపోయినవాళ్ల అలవాట్లను, నిందపడ్డవాళ్ల పాత జీవితాన్ని తవ్వడం. పుణే విషయంలో పత్రికలు మేలు చేసింది విశేషణాలతో కాదు. రక్తం నమూనా ఏమైంది, బెయిలు ఎలా వచ్చింది అన్న ప్రశ్నలతో. విశేషణం తలుపు మూస్తుంది, ప్రశ్న తెరుస్తుంది.

ఇంకోటి, ఆగడం అందరికీ సమానంగా ఉండాలి. కంపెనీకి ఇరవై నెలల వ్యవధి ఇచ్చి ఉద్యోగికి ఇరవై గంటలు కూడా ఇవ్వని ఓపిక ఓపిక కాదు, పక్షపాతం. రైల్వే బోర్డు గురించి నివేదిక వచ్చేదాకా మాట్లాడకూడదనుకుంటే, చనిపోయిన పైలట్ గురించి కూడా నివేదిక వచ్చేదాకా మాట్లాడకూడదు. తిరిగి జవాబు చెప్పలేని మనిషి గురించైతే ఇంకా ఎక్కువ ఆగాలి. చచ్చినవాళ్ల మీద మోపిన నేరానికి విచారణ జరగదు, తీర్పు రాదు, మొదటి మాటే చివరి మాటగా మిగిలిపోతుంది. భర్త పోయిన ఇంట్లో ఆ మాటను మోసేది ఒక స్త్రీ. అతని పిల్లల్ని బడిలో దింపేటప్పుడు, నష్టపరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు, 'మీ ఆయన వల్లనే కదా' అన్న చూపును ఆమె ఎదుర్కోవాలి. నివేదిక వచ్చి ఆ చూపును సరిదిద్దదు.

రాసేవాళ్లం కాబట్టి మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఒక ప్రమాదం మీద కవితో, కథో, సంపాదకీయమో రాసే ముందు, ఎవరి చెయ్యి చివర ఉందో చూసినంత శ్రద్ధగా, ఆ చేతికి ఆ పని అప్పగించింది ఎవరో కూడా చూడటం. ఏడాది తర్వాత వచ్చే నివేదికను ఎవరో ఒకరం తెప్పించి చదివి, మొదటి రోజు వార్తకు దక్కినంత చోటు దానికి మన పత్రికల్లోనైనా ఇవ్వడం. అందులో కూడా మామూలు మనుషుల పేర్ల కోసం కాక నిర్ణయాల కోసం వెతకడం. ఒక నగరం నడకదారి వేసి దారి కాదని బోర్డు పెట్టింది. ఒక కంపెనీ, గీతలు లేనిచోట మనుషులు నడవరనుకుంది. ఆ రెండు నిర్ణయాలూ తీసుకున్నవాళ్ల ముఖాలు ఏ వీడియోలోనూ లేవు.